బోయిగూడ కాపలా లెక్కలు

పల్లకీలు, డోలీలు మోసే బోయిలు ఉన్న చోటు కాబట్టి బోయిగూడ అయిందని చెబుతారు. 1806లో నిజాం సికిందర్ జా పేరు మీద వెలసిన సికింద్రాబాద్ లష్కర్‌కు తుపాకీ పట్టే సిపాయి ఎంత అవసరమో, జబ్బుపడ్డ సిపాయిని ఆసుపత్రికి చేర్చే డోలీ బోయి కూడా అంతే అవసరం.

అలాంటి డోలీ బోయి ఒకడు చరిత్రకెక్కాడు. పేరు సురిటి అప్పయ్య. 1813లో అతని పటాలం ఉజ్జయినికి బదిలీ అయిందనీ, ఆ రోజుల్లో కలరా వేలమందిని పొట్టన పెట్టుకుంటుంటే అతనూ తోటివాళ్లూ మహంకాళికి మొక్కుకున్నారనీ ఆలయ చరిత్ర చెబుతుంది. తిరిగొచ్చి 1815లో సికింద్రాబాద్‌లో అమ్మవారి కొయ్య విగ్రహం ప్రతిష్ఠించారు. ఇప్పటి లష్కర్ బోనాలకు అదే మూలం. జబ్బుకు కారణమైన క్రిమి ఏదో తెలియని కాలమది. తెలియకపోయినా, పదిమంది కలిసి చందాలు వేసుకుని ఒక పని నిలబెట్టడం మాత్రం బస్తీలు బాగా నేర్చుకున్నాయి. బోనాల కమిటీ నడిపినవాడికి మంచినీళ్ల కుళాయి కోసం అధికారుల దగ్గరికి గుంపుగా వెళ్లడం కష్టమేం కాదు.

1874లో సికింద్రాబాద్‌కు రైలొచ్చింది. కాలక్రమంలో పల్లకీ పోయింది. స్టేషన్ వెనక వైపు టింబర్ డిపోలు, తుక్కు దుకాణాలు, గోదాములు చేరాయి. సరుకు దిగే చోటే కూలీలూ దిగారు.

బస్తీ సంఘాలను ప్రభుత్వం గుర్తించిన ఘట్టం మాత్రం 1967లో మొదలైంది. హైదరాబాద్ మునిసిపల్ కార్పొరేషన్ ఆ ఏడాది పట్టణ సామాజికాభివృద్ధి పథకం చేపట్టింది. బాలవాడీలు, కుట్టు కేంద్రాలు, మహిళా మండళ్లు, యువజన సంఘాలు. ఏం కావాలో బస్తీవాళ్లే చెప్పాలన్నది దాని సూత్రం. తర్వాతి తరంలో కాలనీ సంక్షేమ సంఘాలొచ్చాయి, వాటితో గేట్లూ గూర్ఖాలూ. పోలీసుల 'నేను సైతం' పిలుపుతో చందాల డబ్బు సీసీ కెమెరాలకూ మళ్లింది. దొంగ మీద కన్ను వేయడంలో మన సంఘాలకు వంక పెట్టలేం.

వంకంతా నిప్పు దగ్గరుంది.

2022 మార్చి 23 తెల్లవారుజామున బోయిగూడలో ఒక తుక్కు గోదాముకు నిప్పంటుకుంది. కింద సీసాలు, కాగితాలు, కేబుళ్లు. పైన నిద్రపోతున్న 12 మంది బీహారీ కూలీలు. దిగడానికి ఇరుకైన మెట్లదారి ఒక్కటే, అదీ మంటల్లోకే. ఒకతను దూకి బతికాడు. 11 మంది చనిపోయారు. రాష్ట్రం 5 లక్షలు, ప్రధాని సహాయ నిధి 2 లక్షల చొప్పున ప్రకటించాయి, శవపేటికలు బీహారుకు వెళ్లాయి. ఆ సెప్టెంబరు 12న పాస్‌పోర్టు కార్యాలయం దగ్గర, ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూం పైనున్న లాడ్జిలో 8 మంది, మరుసటి ఏడాది మార్చి 16న స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో ఆరుగురు. అన్నీ సికింద్రాబాద్‌లోనే.

చట్టం లేక కాదు. 1999 నాటి అగ్నిమాపక చట్టం వాణిజ్య భవనమైతే 15 మీటర్లు, నివాస భవనమైతే 18 మీటర్లు దాటితేనే అనుమతి తప్పనిసరి అంటుంది. మనుషులు చచ్చే గోదాములు చాలావరకు అంత ఎత్తు ఎదగవు. వాటికి మిగిలింది జీహెచ్‌ఎంసీ ట్రేడ్ లైసెన్సు, ఇరుగుపొరుగు కళ్లు.

ఆ కళ్లకు గోదాములో మనిషి కనిపించడు. ఇదే బోయిగూడ ఐడీహెచ్ కాలనీలో 2015 నవంబరులో ప్రభుత్వం 396 డబుల్ బెడ్‌రూం ఇళ్లు పంచింది. ప్రతి తలుపు వెనక ఎవరున్నారో జాబితా ఉంది. సంఘంలో సభ్యుడు కావాలంటే సొంత ఇల్లో, కనీసం అద్దె ఇల్లో ఉండాలి. పనిచేసిన చోటే పడుకునేవాడు రెండిట్లోనూ లేడు. సరుకు కాపలాకు అతను పనికొచ్చాడు గానీ, అతని కాపలా ఏ సంఘం లెక్కలోనూ పడలేదు. తప్పు యజమానిది, అధికారులది. అయినా పక్కనున్నవాళ్లకు అందులో వాటా లేదనడం కుదరదు.

మీ వీధిలో గోదాము ఉందా? సంఘం తరఫున ఒక రాత్రి వెళ్లి, పైన ఎందరు పడుకుంటున్నారో అడగండి. బయటికి రెండో దారి లేకపోతే జీహెచ్‌ఎంసీకీ, అగ్నిమాపక శాఖకూ సంఘం లెటర్‌హెడ్ మీద ఫిర్యాదు రాసి, రసీదు తీసుకోండి.