సాగర తెరచాప పందేలు: గెలుపును తేల్చే నిబంధనలు

ఫ్రాన్స్ పశ్చిమ తీరంలోని లే సాబ్ల్ దొలోన్ వద్ద 2021 జనవరి 27 రాత్రి వాందే గ్లోబ్ పందెం గమ్యరేఖను అందరికంటే ముందు దాటిన నావికుడు షార్లీ దలాన్. విజేతగా నిలిచినది మాత్రం ఆయన కాదు. సుమారు 7 గంటల 44 నిమిషాల తర్వాత మూడో స్థానంలో వచ్చిన యానిక్ బెస్తవెన్. ఒంటరిగా, ఎక్కడా ఆగకుండా, బయటి సాయం పొందకుండా తెరచాప పడవపై భూగోళాన్ని చుట్టిరావలసిన ఈ పందెం నాలుగేళ్లకోసారి జరుగుతుంది.

ఫలితం తారుమారు కావడానికి కారణం అంతకు రెండు నెలల ముందు జరిగిన ప్రమాదం. 2020 నవంబరు 30న గుడ్ హోప్ అగ్రానికి నైరుతి దిశలో కెవిన్ ఎస్కోఫియే పడవ రెండుగా విరిగిపోయింది. ఆయన ప్రాణరక్షక తెప్పలోకి చేరుకోగా, నిర్వాహకుల పిలుపుపై బెస్తవెన్, జాన్ ల కామ్, బోరిస్ హెర్మన్ తదితరులు తమ దారి మళ్లించి గాలింపునకు వెళ్లారు. రాత్రి చీకటిలో ఎస్కోఫియేను రక్షించినది 61 ఏళ్ల ల కామ్.

ఇది కేవలం ఔదార్యం కాదు. ప్రపంచ సెయిలింగ్ సమాఖ్య పందెపు నియమావళిలో మొట్టమొదటి నియమమే ఆపదలో ఉన్నవారికి సాధ్యమైన సాయమంతా చేయాలని ఆదేశిస్తుంది. ఆ సాయం వల్ల ఎవరి ఫలితమైనా దెబ్బతింటే పరిహారం కోరే హక్కును 62వ నియమం కల్పిస్తుంది. ఆ మేరకు అంతర్జాతీయ జ్యూరీ ల కామ్‌కు 16 గంటల 15 నిమిషాలు, బెస్తవెన్‌కు 10 గంటల 15 నిమిషాలు, హెర్మన్‌కు 6 గంటలు పరిహారంగా ఇచ్చింది. చివరి లెక్కలో బెస్తవెన్ 2 గంటల 31 నిమిషాల తేడాతో గెలిచారు. ఎనిమిదో స్థానంలో వచ్చిన ల కామ్ నాలుగో స్థానానికి ఎగబాకారు.

జ్యూరీ ఈ నిర్ణయాన్ని డిసెంబరులోనే, పందెం ఇంకా సగం దారిలో ఉండగానే ప్రకటించింది. ఎవరు గెలుస్తారో తెలియని దశలో వేసిన లెక్క కాబట్టే దానికి విలువ. అయినా ఏ పరిహారమూ పరిపూర్ణం కాజాలదు: పోయిన గంటలను తిరిగి ఇవ్వవచ్చు గానీ, చేజారిన అనుకూల పవనాన్ని ఇవ్వలేరు.

గోల్డెన్ గ్లోబ్ పందెంలో నిబంధనలు మరీ కఠినం. జీపీఎస్ సాయం లేకుండా, కాగితపు పటాలతో, సెక్స్‌టెంట్‌తో దారి కనుగొనాలి. ఒక్కసారి రేవులో ఆగినా ప్రధాన విభాగం నుంచి తప్పించి చిచెస్టర్ విభాగంలోకి మారుస్తారు. 2022-23 పందెంలో ముందుగా తీరం చేరిన సైమన్ కర్వెన్ మరమ్మతుకు చిలీలో ఆగినందున విజేత కాలేకపోయారు. హిందూ మహాసముద్రంలో పడవ మునిగిన తాపియో లెహ్తినెన్‌ను కాపాడిన దక్షిణాఫ్రికా నావికురాలు కిర్‌స్టెన్ నోయ్‌షేఫర్ 2023 ఏప్రిల్ 27న గమ్యం చేరి గెలిచారు. ఆమెకూ కాలపరిహారం లభించింది. రెండు రోజుల తర్వాత వచ్చిన భారత నౌకాదళ విశ్రాంత అధికారి అభిలాష్ టోమీ రెండో స్థానం పొందారు. 2018లో ఇదే పందెంలో తుపానుకు వెన్నెముక గాయపడి, ఫ్రెంచి గస్తీ నౌక రక్షించిన నావికుడు ఆయనే.