బుస కొట్టే బండి



బేరిగై నుంచి బాగలూరు మీదుగా హొసూరుకు పోయే రోడ్డు పక్కన సాయంత్రం పూట కాసేపు నిలబడండి. మధ్యమధ్య ఏదో ఒక కారు జోరుగా వచ్చి, గేరు మార్చే క్షణాన పాము బుస కొట్టినట్టు గాలి వదులుతుంది. ఆ శబ్దం వినగానే కుర్రవాళ్ళు తల తిప్పి చూస్తారు.

పోయిన నెల మా పాత విద్యార్థి ఒకడు చేతిలో చిన్న డబ్బాతో ఇంటికి వచ్చాడు. హొసూరులో ఫ్యాక్టరీ పని. "సార్, ఇది బ్లో-ఆఫ్ వాల్వు. నా డీజిల్ కారుకు వేయిస్తే ఇంకా బాగా లాగుతుందంటున్నారు. నిజమేనా?" అన్నాడు. రెండు నెలల జీతంలో మిగిల్చిన డబ్బు పెట్టి కొన్నాడట. "కూర్చో నాయనా, ముందు దీని చరిత్ర విను. తర్వాత నువ్వే తేల్చుకో" అన్నాను. ఆ చరిత్రనే ఈరోజు మీకూ చెబుతాను.

ఇంజన్‌కు తిండి రెండు రకాలు: ఇంధనం, గాలి. ఇంధనం ఎంతైనా పోయవచ్చు. దానికి తగిన గాలి లేకపోతే అది పొగగా పోతుంది. స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూకీ ఆలోచన ఇక్కడే మొదలైంది. పొగగొట్టం గుండా వృథాగా పోయే వేడిగాలితో ఒక చక్రాన్ని తిప్పి, అదే ఇరుసు మీది రెండో చక్రంతో బయటి గాలిని ఒత్తి ఇంజన్‌లోకి ఎందుకు పంపకూడదు అనుకున్నాడాయన. 1905లో పేటెంటు తీసుకున్నాడు. అది పనిలోకి రావడానికి ఇరవై ఏళ్ళు పట్టింది. 1920ల నడుమ రెండు జర్మన్ ఓడల డీజిల్ ఇంజన్లకు ఈ టర్బో అమర్చినప్పుడు వాటి బలం 1,750 నుంచి 2,500 అశ్వశక్తికి పెరిగింది.

ఈలోగా అమెరికాలో మరో అవసరం ఎదురైంది. ఎత్తుకు పోయేకొద్దీ గాలి పలచబడుతుంది, విమానం ఇంజన్ నీరసపడుతుంది. 1918లో శాన్‌ఫర్డ్ మాస్ అనే ఇంజనీరు ఒక విమాన ఇంజన్‌ను 14 వేల అడుగుల ఎత్తున్న పైక్స్ పీక్ శిఖరం మీదికి చేర్చి పరీక్ష చేశాడు. నేలమీద 350 అశ్వశక్తి ఇచ్చే ఆ ఇంజన్ శిఖరం మీద 230 మాత్రమే ఇచ్చింది. టర్బో పెట్టగానే 356కు లేచింది. మన హొసూరు కూడా సముద్రమట్టానికి సుమారు 3 వేల అడుగుల ఎత్తున ఉంది. ఇక్కడ గాలి ఒత్తిడి చెన్నైలో కంటే దాదాపు పదోవంతు తక్కువ. కాబట్టి ఈ సంగతి మనకు పరాయిది కాదు.

కార్లలోకి టర్బో 1962లో వచ్చింది. అమెరికాలో ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్, షెవర్లే కార్వేర్ ఆ ఏడే వచ్చాయి. జెట్‌ఫైర్‌కు పెట్రోలు కాక ఇంకో ప్రత్యేక ద్రవం కూడా పోయాలి. చాలామంది యజమానులు పోయడం మరిచారు. 1963 తర్వాత ఆ కారే ఆగిపోయింది. ఆపైన 1973లో బీఎండబ్ల్యూ, ఆ వెనుకే పోర్షే, 1970ల చివర సాబ్ టర్బో కార్లు తెచ్చాయి.

ఇప్పుడు అసలు వాల్వు సంగతి. మన సైన్సు పుస్తకంలో దీన్నే కవాటం అంటాం. పెట్రోలు ఇంజన్‌కు గాలి పోయే దారిలో త్రాటిల్ అనే తలుపు ఉంటుంది. కాలు తీయగానే అది మూసుకుంటుంది. కానీ నిమిషానికి లక్ష చుట్లు పైగా తిరుగుతున్న టర్బో చక్రం వెంటనే ఆగదుకదా! ఒత్తిన గాలి మూసిన తలుపుకు కొట్టుకుని వెనక్కి మళ్ళి ఆ చక్రాన్నే తాకుతుంది. నానాటికీ ఆ దెబ్బలు బేరింగులను అరగదీస్తాయి. అందుకే టర్బోకూ త్రాటిల్‌కూ నడుమ గొట్టం మీద స్ప్రింగుతో ఒక వాల్వు పెట్టారు. త్రాటిల్ అవతలి నుంచి ఒక సన్నని పైపు దానికి వస్తుంది. తలుపు మూయగానే అక్కడ ఏర్పడే పీల్పు స్ప్రింగును లాగి వాల్వును తెరుస్తుంది. అంటే ఇది బలం పెంచేది కాదు, టర్బోను కాపాడేది. పొగ వైపు ఉండి ఒత్తిడి హద్దు మీరకుండా చూసే వేస్ట్‌గేటు వేరు. రెండింటినీ కలపకండి.

చాలా కంపెనీలు ఆ గాలిని బయటికి వదలకుండా టర్బో ముందరి గొట్టంలోకే చడీచప్పుడు లేకుండా మళ్ళిస్తాయి. దీనికి కారణం ఉంది. లోపలికి వచ్చిన గాలిని కొలిచే మీటరున్న కారులో, కొలిచిన గాలిని బయటికి వదిలితే కంప్యూటరుకు అది తెలియదు. లేని గాలికి కూడా పెట్రోలు పోస్తుంది. నల్లపొగ, కుదుపు, సిగ్నలు దగ్గర బండి ఆగిపోవడం అన్నీ అక్కడినుంచే. కొత్త వాల్వు తప్పనిసరి అయితే గాలిని వెనక్కి మళ్ళించే రకమే అడగండి. స్ప్రింగు మీ ఇంజన్‌కు తగినదేనా, క్లిప్పుల దగ్గర గాలి కారుతోందా అని చూడండి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ బండిలో మార్పులకు హద్దులు పెట్టింది. కాబట్టి రవాణా కార్యాలయాన్నీ బీమా వాళ్ళనూ ముందే అడగండి.

మరి డీజిల్ కారు? డీజిల్ ఇంజన్ బలాన్ని అదుపు చేసేది గాలి తలుపు కాదు, పోసే ఇంధనం. కాలు తీసినా గాలి దారి తెరిచే ఉంటుంది. ఆ ఎదురుదెబ్బే లేనప్పుడు మందెందుకు? డీజిల్ బళ్ళకు అమ్మే వాల్వు చాలావరకు చప్పుడుకే. టర్బో కష్టపడి ఒత్తిన గాలిని అది ప్రతి గేరుకూ పారబోస్తుంది. మళ్ళీ ఒత్తిడి కూడేదాకా బండి మందగిస్తుంది.

ఇంతా విని మా వాడు డబ్బా వైపు చూశాడు. "అంటే సార్, ఇది నా బండికి లేని జబ్బుకు మందా?" అన్నాడు. అవునన్నాను. మర్నాడు వాపసు ఇవ్వడానికి పోతే, అంగడివాడు సగం డబ్బే తిరిగి ఇచ్చాడట. మిగతాది చదువు ఖర్చు అనుకున్నానని నవ్వుతూ చెప్పాడు.

శ్రోతలారా, 1980లో అశోక్ లేలాండ్ లారీలు, టీవీఎస్ మోపెడ్లు హొసూరులో తయారుకావడం మొదలైన నాటినుంచి మన పిల్లలు ఎన్నో యంత్రాలకు ప్రాణం పోశారు. అలాంటి చేతులున్న వాళ్ళం, ఏ భాగం కొన్నా ఒక్క ప్రశ్న వేద్దాం: ఇది ఏ ఇబ్బంది తీర్చడానికి పుట్టింది, ఆ ఇబ్బంది నా బండికి ఉందా? ఇక ఘాటు ఎక్కి వచ్చాక ఇంజన్‌ను వెంటనే ఆపకుండా ఒకటి రెండు నిమిషాలు నిదానంగా తిరగనివ్వండి. టర్బో బేరింగు చల్లబడుతుంది. దానికి ఒక్క పైసా కూడా ఖర్చు లేదు.