పడిన కాలికి మళ్లీ నడక

పక్షవాతం వస్తే నూనె మర్దన చేయడం, పావురం రక్తం పూయడం తెలుగు పల్లెలకు కొత్త కాదు. మర్దన వెనుక పాత శాస్త్రమే ఉంది. స్నేహనం (నూనె పట్టించడం), స్వేదనం (చెమట పట్టించడం), విరేచనం (విరేచనాలు చేయించడం) చరక సంహిత చెప్పినవే. అయితే వీటన్నిటిలో రోగి పడుకునే ఉంటాడు. శ్రమ ఇంకొకరిది.

రోగి చేతే పని చేయించాలన్న ఆలోచన 19వ శతాబ్దం చివర్లో స్విట్జర్లాండ్ వైద్యుడు ఫ్రెంకెల్ దగ్గర గట్టిపడింది. ఆయన రోగులది పక్షవాతం కాదు. వెన్నుపాము దెబ్బతిని, కాలు ఎక్కడ పడుతోందో తెలియని జబ్బు. కంటితో చూసుకుంటూ, లెక్కగా, నేల మీద గీసిన గుర్తులపైనే అడుగులు వేయించాడు. ఆ వ్యాయామాలు ఇప్పటికీ ఫిజియోథెరపీ విద్యార్థులు నేర్చుకుంటున్నారు.

1943లో లండన్‌లో బెర్తా బోబత్ పక్షవాతం వచ్చిన ఒక చిత్రకారుడికి చికిత్స చేశారు. బిగుసుకున్న కండరాలను చేతులతో సడలించి, కదలికను సరిదిద్దే ఆమె పద్ధతి దశాబ్దాలపాటు రాజ్యమేలింది. 1982లో ఆస్ట్రేలియాకు చెందిన జానెట్ కార్, రాబర్టా షెపర్డ్ దారి మళ్లించారు: లేచి నిలబడటం రావాలంటే లేచి నిలబడటమే సాధన చేయాలి.

అసలు మలుపు ఇదే. కుర్చీలోంచి లేవడం, మళ్లీ నెమ్మదిగా కూర్చోవడం. గోడ పట్టుకుని ఒంటి బరువును పడిపోయిన కాలి మీదికి మార్చడం. పక్కకు అడుగులు, చిన్న మెట్టు ఎక్కి దిగడం. బలహీనమైన వైపు ఒక మనిషి తోడు నిలబడాలి. వీటికి యంత్రాలు అక్కర్లేదు. 2011లో అమెరికాలో 408 మందిపై జరిగిన పరీక్షలో, ఒంటి బరువు మోసే పట్టీలు కట్టి ట్రెడ్‌మిల్‌పై నడిపించిన వారికంటే, థెరపిస్టు ఇంటికొచ్చి బలానికి, నిలకడకు వ్యాయామం చేయించినవారు వెనకబడలేదు.

తొందరపాటూ మంచిది కాదు. జబ్బు పడిన 24 గంటల్లోనే ఎక్కువసార్లు లేపి నడిపించిన రోగులు మూడు నెలల తర్వాత కొంత వెనకబడ్డారని 2015లో తేలింది. ఎప్పుడు మొదలుపెట్టాలో వైద్యుడే చెప్పాలి.

ఇక మన దేశపు అనుభవం. 14 ఆస్పత్రుల్లో 1,250 మంది రోగులతో జరిగిన ప్రయోగంలో దాదాపు సగం మంది రోగుల కుటుంబ సభ్యులకే వ్యాయామాలు నేర్పి ఇంటికి పంపారు. మామూలు చికిత్స పొందిన మిగతావారితో పోలిస్తే ఆరు నెలలకు ఫలితంలో తేడా కనిపించలేదని 2017లో వెల్లడైంది. కుటుంబం ప్రేమ ఒక్కటీ చాలదు, తరచూ వచ్చి సరిదిద్దే నిపుణుడు కావాలని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

అలాంటి నిపుణుణ్ని ఇంటికి పంపే దారి ఉంది. మంచానపడినవారి ఇంటికే డాక్టరు వెళ్లే ఫ్యామిలీ డాక్టర్ పథకం ఆంధ్రప్రదేశ్‌లో 2023 ఏప్రిల్ 6న పల్నాడు జిల్లా లింగంగుంట్లలో మొదలైంది. అదే జిల్లాలోని బెల్లంకొండ లాంటి మండలాల్లో ఇలా ఇంటికి వెళ్లే డాక్టరు వెంట ఫిజియోథెరపిస్టును కూడా పంపాలి. ప్రభుత్వం ఈ పని వెంటనే చేయాలి.