జైన్: ఒక క్రియ, మూడు ధాతువులు

జర్మన్ అభ్యాసకులకు మొదట్లోనే ఎదురయ్యే క్రియ 'జైన్'. 'ఉండు', 'అగు' అని దీని అర్థం. వర్తమాన కాలంలో దీని రూపాలివి:

ఇష్ బిన్ – నేను ఉన్నాను
దూ బిస్ట్ – నీవు ఉన్నావు
ఏర్ ఇస్ట్ – అతడు ఉన్నాడు
వీర్ జింట్ – మేము ఉన్నాము
ఈర్ జైట్ – మీరు ఉన్నారు
జీ జింట్ – వారు ఉన్నారు

భూతకాల రూపం 'వార్', భూతకృదంతం 'గెవేజెన్'. ఒకే క్రియకు ఇంత పొంతన లేని రూపాలు ఎందుకు వచ్చాయి?

మూడు ధాతువుల కలయిక

ఈ రూపాల వెనుక మూడు ప్రాచీన ధాతువులున్నాయి. వాటి తోబుట్టువులు సంస్కృతంలో కనిపిస్తాయి.

1. 'ఇస్ట్', 'జింట్' రూపాలకు సాటి 'అస్తి', 'సంతి'. జర్మన్‌లో అచ్చుకు ముందున్న పదాది సకారం జకారానికి దగ్గరగా పలుకుతుంది.
2. 'బిన్', 'బిస్ట్' రూపాలలోని బకారం 'భవతి'లోని 'భూ' ధాతువుకు సాటియైన మూలం నుండి వచ్చింది.
3. 'వార్', 'గెవేజెన్' రూపాలకు మూలం ప్రాచీన జర్మన్ క్రియ 'వెసన్'. దీని సాటి 'వసతి', అనగా నివసించుట. ఏకవచనంలో మొదట 'వస్' అనే రూపమే ఉండేది. బహువచనంలోని రేఫ ప్రభావంతో అది తరువాత 'వార్' అయింది. ఇంగ్లీషులో 'వజ్', 'వర్' అనే పాత భేదం నేటికీ నిలిచి ఉంది.

జర్మన్ సంస్కృతం నుండి పుట్టలేదు. రెండూ ఒకే ఇండో-యూరోపియన్ మూలభాష సంతతి. క్రియారూపాల పోలిక ద్వారా ఈ బంధుత్వాన్ని శాస్త్రీయంగా పరిశీలించిన తొలి గ్రంథాన్ని ఫ్రాంజ్ బాప్ 1816లో ప్రచురించాడు.

తెలుగు మాటేమిటి?

అస్తిత్వం, భవిష్యత్తు, నివాసం అనే మాటల ద్వారా ఆ మూడు ధాతువులూ మనకు పరిచితాలే. అంతమాత్రాన తెలుగు ఆ కుటుంబానికి చెందదు. ఇవి అరువు తెచ్చుకున్న పదాలు. మన 'ఉన్నాను', 'ఉంటాను', 'ఉండేవాణ్ణి' రూపాలన్నీ 'ఉండు' అనే ఒకే దేశ్య ధాతువు నుండి వచ్చాయి. అదే 1816లో మద్రాసులో వెలువడిన కాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన పీఠికలో ఎఫ్.డబ్ల్యు. ఎల్లిస్, తెలుగు సంస్కృత జన్యం కాదని ధాతువుల ఆధారంగానే నిరూపించాడు.

పదాలు ఒక భాష నుండి మరో భాషకు సులభంగా వలస వెళతాయి. క్రియావిభక్తులు అంత సులభంగా వెళ్లవు. కనుక భాషల బంధుత్వాన్ని నిర్ణయించేటప్పుడు పదకోశం కంటే క్రియారూపాల సాక్ష్యం బలమైనది. 'జైన్' క్రియలోని అపక్రమం ఆ చరిత్రకే ఆనవాలు.

మీ ప్రగతిని సరిచూసుకోండి

'జైన్' క్రియలో కలిసిన మూడు ధాతువులను ఉదాహరణలతో వివరించండి.