కొండ కొసన వెయ్యేళ్ల మఠం.. 'మృతుల మెట్లు' ఎక్కితేనే రాశుల ద్వారం!

ఉత్తర ఇటలీలోని టురిన్ నగరం నుంచి సూసా లోయ వైపు వెళ్తుంటే కొండ కొసన ఓ భారీ రాతి కట్టడం కనిపిస్తుంది. చూడగానే కోట అనుకుంటారు. కానీ అది క్రైస్తవ సన్యాసుల మఠం. పేరు సాక్రా డి శాన్ మికేలే. ప్రధాన దూత మిఖాయేలు పేరిట 10వ శతాబ్దం చివర్లో దీన్ని స్థాపించారు. ఇంతకీ అక్కడ ఏముంది? ఓసారి చూద్దాం.

కొండే పునాది

పిర్కిరియానో కొండ ఎత్తు సముద్ర మట్టానికి 962 మీటర్లు. శిఖరం మీద చదునైన చోటు లేదు. అందుకే కింద నుంచి భారీ రాతి గోడలు, స్తంభాలు లేపి, వాటిపై చర్చి కట్టారు. కొండ కొస చర్చి లోపలే, ఓ స్తంభం అడుగున ఉంటుంది!

మృతుల మెట్లు

లోపలికి వెళ్లగానే నిటారు మెట్లదారి. పక్కన కొండరాయి అలాగే పొడుచుకొచ్చి ఉంటుంది. పేరు 'మృతుల మెట్లు'. ఇక్కడ సమాధులు ఉండేవి. ఒకప్పుడు గోడ గూళ్లలో సన్యాసుల అస్థిపంజరాలూ కనిపించేవట.

మెట్లు ముగిసే చోట అసలు అద్భుతం ఉంది.. అదే రాశుల ద్వారం. 12వ శతాబ్దంలో నికోలావుస్ అనే శిల్పి చెక్కాడు. తన పేరూ రాతిపై చెక్కుకున్నాడు. ఓ వైపు మేషం నుంచి మీనం దాకా 12 రాశులు, మరో వైపు నక్షత్ర మండలాలు. మన పంచాంగంలో ఉండే రాశులే కాబట్టి చాలావరకు ఇట్టే గుర్తుపట్టొచ్చు.

చర్చిలో ఏం చూడాలి?

దెఫెందెంతె ఫెర్రారి గీసిన మూడు పలకల చిత్రం మిస్ కావొద్దు. మధ్యలో బాల యేసుతో మరియమ్మ, పక్క పలకపై సాతానును అణచే మిఖాయేలు. ఎడమ గోడపై 1505 నాటి పెద్ద కుడ్యచిత్రం.. మరియమ్మకు దేవదూత శుభవార్త చెప్పే ఘట్టం అది.

నవలలో కాలింది.. నిజంగానూ మంటలు!

ఉంబెర్తో ఎకో 1980లో రాసిన 'ది నేమ్ ఆఫ్ ది రోజ్' నవలకు ఈ మఠం ఓ ప్రేరణ. నవల చివర్లో మఠం బూడిదవుతుంది. 2018 జనవరి 24న ఇక్కడ నిజంగానే మంటలు లేచాయి. మరమ్మతులు జరుగుతున్న పాత మఠం పైకప్పు కాలింది. అదృష్టవశాత్తూ చర్చి, కళాఖండాలు దక్కాయి.

మఠానికి గండం కొత్తేమీ కాదు. 1622లో బెనెడిక్టైన్ సన్యాసుల మఠాన్ని రద్దు చేశారు. తర్వాత రెండు శతాబ్దాలు దిక్కులేకుండా పడి ఉంది. 1836లో రాజు కార్లో అల్బెర్తో దీన్ని రోస్మినీయన్ సన్యాసులకు అప్పగించాకే మళ్లీ ఊపిరి పోసుకుంది.

ఎలా వెళ్లాలి?

టురిన్ నుంచి రైల్లో సాంత్ అంబ్రోజో స్టేషన్‌లో దిగితే, పాత కాలిబాటలో గంటన్నర నడక. దాదాపు 600 మీటర్ల ఎత్తు ఎక్కాలి. కారులో అయితే దగ్గరదాకా వెళ్లొచ్చు. కానీ మెట్లు ఎలాగూ తప్పవు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ముందే ఆలోచించుకోవాలి. ఇది ఇప్పటికీ ప్రార్థనలు జరిగే చోటు, లోపల నిశ్శబ్దం పాటించడం మర్యాద.