వికృతజననము – తల్లి నేరము

గుఱ్ఱపుపిల్ల అరుదుగా ముక్కు వంకరతో పుట్టును. పైదవడయు ముక్కుటెముకలును ఒక ప్రక్కకు తిరిగిపోవుటచే పై పండ్లు క్రింది పండ్లతో కలియవు. మఱికొన్నింటికి అంగిలి చీలియుండి, త్రాగిన పాలు ముక్కున కారును. ఇట్టి జననములకు కారణ మెవరని లోక మడుగుచు వచ్చినదో విచారింపదగును.

ప్రాచీన బాబిలోనియావారు వికృతజననములను శకునములుగా నెంచి, వాని ఫలములను 24 మట్టిపలకల గ్రంథముగా కూర్చిరి. ఆడుగుఱ్ఱముల కాన్పులకును అందు చోటు గలదు. మన దేశమున 6వ శతాబ్దియందు వరాహమిహిరుడు బృహత్సంహితలో వీనిని ఉత్పాతములుగా చెప్పి, వికృతముగా ప్రసవించిన స్త్రీలను పరదేశమున విడువవలెననియు, పశువులను మందనుండి తొలగించి పరభూమికి తోలవలెననియు విధించెను. వైకల్యము బిడ్డది, బహిష్కారము తల్లికి! 1573లో ఫ్రెంచి శస్త్రవైద్యుడు ఆంబ్రోయిజ్ పారే ఇట్టి జననములకు చెప్పిన కారణములలో దైవకోపమును, తల్లి మనోభావనయు చేరియున్నవి.

19వ శతాబ్దమున ప్రశ్న మాఱినది. ఎతియెన్ జోఫ్రువా సెంతిలేర్ కోడిగ్రుడ్లు పొదుగబడు రీతిని మార్చి, పిండము ఎట్లు వికృతి చెందునో పరీక్షించెను. అతని కుమారుడు ఇసిదోర్ 1832లో ఈ శాస్త్రమునకు టెరటాలజీ యని పేరిడెను. 1950 తరువాత అమెరికాలోని ఐడహో రాష్ట్రమున ఒంటికన్ను గొఱ్ఱెపిల్లలు పుట్టుటకు హేతువును శాస్త్రజ్ఞులు శోధించిరి. గర్భము ధరించిన 14వ దినమున తల్లి మేసిన వెరాట్రమ్ అను మొక్కలోని విషమే కారణమని తేలినది. శకునమును కాదు, శాపమును కాదు.

మనము చీలిన పెదవిని నేటికిని గ్రహణపు మొఱ్ఱి యనుచున్నాము. గర్భిణి గ్రహణవేళ కదలినందున బిడ్డ కట్లయ్యెనని ఆ పేరే తల్లిపై నేరము మోపుచున్నది. గ్రహణము పట్టినపుడు పచ్చికలో తిరుగు ఆడుగుఱ్ఱమును లోపల బంధించువా రెవరు? అయినను దాని పిల్లలు సాధారణముగా చక్కగనే పుట్టుచున్నవి. మఱియు శిశువు పై పెదవి గర్భమునందు 7వ వారమునాటికే కూడుకొనును. ఆఱవ నెలలోనో ఎనిమిదవ నెలలోనో పట్టిన గ్రహణము దానిని చీల్చుటెట్లు?

నేడు వంకరముక్కు గుఱ్ఱపుపిల్లకు సయితము ప్రక్కటెముక తునకను అతికి, ముక్కును సరిచేయు శస్త్రవైద్యులు గలరు. మొఱ్ఱితో పుట్టిన శిశువునకు కొలది నెలలలోనే పెదవి కుట్టుదురు. కావున అట్టి బిడ్డ పుట్టిన యింట గ్రహణదినములు లెక్కించుట మాని, పాలు త్రాగుచున్నదో లేదో చూచి, వెంటనే వైద్యునికి చూపవలెను. బాలింతను నిందించుట ఆ బిడ్డకు ఏమాత్రమును మేలు చేయదు.