హైస్కూలు తరగతులలో సైన్సు చదువు – నాడు, నేడు

శతవార్షికోత్సవ సమయమున మన గుడులను, ఆసుపత్రులను కృతజ్ఞతతో తలంచుకొనుట సహజము. మన బిడ్డలు బడిలో చదివిన సైన్సు పాఠముల చరిత్రయు స్మరింపదగినదే. ఆ పాఠములు అందని బిడ్డకు డాక్టరు, ఇంజనీరు చదువుల తలుపు మూసియుండెను గదా!

రాబర్ట్ నోబుల్ దొరగారు 1843లో మచిలీపట్టణమున ఆంగ్ల పాఠశాలను స్థాపించిరి. అయితే తొలినాళ్లలో మాల, మాదిగ బిడ్డలకు అందు ప్రవేశము లేకుండెను. 1912లో దోర్నకల్ ప్రథమ బిషప్పుగా అభిషిక్తులైన వి. యస్. అజరయ్యగారి కాలమున పల్లె బడులు విస్తరించినవి. అక్షరములతోపాటు శుభ్రత, చేతిపని కూడ నేర్పవలెనని ఆయన ఆశయము.

ఆనాడు మద్రాసు రాజధానిలో నాల్గవ, ఐదవ, ఆరవ ఫారములు హైస్కూలు తరగతులు. చివర ఎస్.ఎస్.ఎల్.సి. సైన్సు కొంతవరకే అందరికి చెప్పబడెడిది. భౌతిక, రసాయన శాస్త్రములను లోతుగా చదువుట ఐచ్ఛికము. కాని ప్రయోగశాల లేని బడిలో పేద విద్యార్థి ఎన్నుకొనుటకు ఏమున్నది? ఉన్నదానినే చదివెను.

డి. యస్. కొఠారిగారి అధ్యక్షతన 1964–66లో పనిచేసిన విద్యా కమిషను ఈ లోపమును గుర్తించెను. మొదటి పది సంవత్సరములు సైన్సు, గణితము బాలబాలికలందరికి తప్పనిసరి కావలెనని సిఫారసు చేసెను. ఆంధ్రప్రదేశ్‌లో 1969లో పదేండ్ల బడి, రెండేండ్ల ఇంటర్మీడియెట్ పద్ధతి వచ్చెను.

నేడు ఆరు, ఏడు తరగతులలో సామాన్య శాస్త్రము ఒక్కటిగా నుండును. ఎనిమిది నుండి భౌతిక రసాయన శాస్త్రములు ఒకవైపు, జీవశాస్త్రము మరొకవైపు సాగును. ఎనిమిదిలో బలము, ఘర్షణ, సూక్ష్మజీవులు. తొమ్మిదిలో గమన నియమములు, పరమాణువు, కణజాలములు. పదిలో విద్యుత్తు, ఆమ్లములు, క్షారములు, శ్వాసక్రియ, అనువంశికత. మెట్టు వెంబడి మెట్టు. క్రింది మెట్టు జారినవానికి పై మెట్టు కష్టము.

సైన్సు చదివినచో విశ్వాసము సన్నగిల్లునని కొందరు పెద్దల భయము. మైకేల్ ఫారడేను చూడుడు. కమ్మరి కుమారుడు, బడి చదువు స్వల్పము, పుస్తకములకు అట్టలు కట్టు దుకాణమున పని నేర్చినవాడు. 1831లో విద్యుదయస్కాంత ప్రేరణమును కనుగొనెను; తన చిన్న సంఘమున పెద్దగాను సేవచేసెను. ఆయన కనుగొన్న సూత్రము వలననే నేడు మన గుడిలో దీపము వెలుగుచున్నది.

పాఠము అందరికి వచ్చినది, మంచిదే. కాని ప్రయోగము అందరికి వచ్చెనా? నిమ్మరసములో నీలి లిట్మస్ కాగితము ఎఱ్ఱబడుట కన్నులార చూచిన బిడ్డ దానిని మరువదు. ప్రశ్న జవాబులు వల్లించిన బిడ్డ పరీక్ష మరునాడే మరచును. కావున సంఘ పెద్దలారా, బడి వార్షికోత్సవమునకు పోయినప్పుడు ప్రయోగశాల బీరువా తాళము తీయించి చూడుడు. గాజు పాత్రలపై దుమ్మున్నదా, పిల్లల వ్రేలిముద్రలున్నవా? రాబోవు నూరేండ్లకు మన కానుక అచ్చట ప్రారంభమగును గాక. దేవునికే మహిమ.